జీనియస్ అయితే మాత్రం?

మొన్న శుక్రవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో మా టీమంతా పెరుగన్నం దాకా వచ్చాక ఒకతను ఫోన్ తీసి ఒక ఫార్వర్డు చదివి వినిపించాడు. ఐన్‌స్టీన్ తన మొదటి భార్యకి పెట్టిన షరతుల జాబితా అట. దాని సారాంశం ఇదీ. బట్టలు శుభ్రంగా, సర్ది ఉంచాలి. మూడు పూటలా భోజనం నా గదికే రావాలి. పడకగది, చదువుకునే గది నీటుగా ఉండాలి, నా బల్ల మాత్రం నేను తప్ప ఎవరూ వాడకూడదు. నా పక్కన కూర్చోవాలనీ, నాతో బయటికి రావాలనీ అడగకూడదు. నా నుంచి ఆప్యాయత ఆశించకూడదు. మాట్లాడొద్దంటే ఆపెయ్యాలి. గదిలోంచి వెళ్ళమంటే ఎదురు చెప్పకుండా వెంటనే వెళ్ళిపోవాలి. పిల్లల ముందు నన్ను తక్కువ చెయ్యకూడదు.

ఒక్క క్షణం అందరూ స్పూన్లు ఆపారు. ఆ తర్వాత మొదలైంది గోల.

"ఫేకు బాసూ, నెట్‌లో ఏదైనా రాస్తారు" అన్నాడొకడు. "ఆయన ప్రపంచానికి రిలేటివిటీ ఇచ్చాడు, ఇంట్లో గిన్నెలు కడగలేదని ఏడుస్తారేంట్రా" అన్నాడు మా సీనియర్, మేమంతా అన్నా అని పిలిచే పెద్దమనిషి. "ఆ రోజుల్లో మగాళ్ళందరూ అంతే కదా" అని ఇంకొకరు. "పోయినవాళ్ళ పర్సనల్ విషయాలు మనకెందుకండీ" అని మరొకరు. చివర్లో, కొత్తగా చేరిన అమ్మాయి, "అసలు ఆ థియరీ అంతా ఆవిడే రాసిందట, ఈయన పేరు వేసుకున్నాడట" అని బాంబు పేల్చింది.

నేనా? నేను ఆ రోజు నోరెత్తలేదు. మామూలుగా ఇలాంటి చోట్ల అందరికంటే ముందు నేనే అరుస్తాను. ఆ రోజెందుకు ఊరుకున్నానో చివర్లో చెబుతాను. కానీ అక్కడ అనలేనివన్నీ ఈ వారమంతా బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. అవి ఇక్కడ కక్కేస్తున్నాను. నచ్చనివాళ్ళు తిట్టుకోవచ్చు.

ముందు ఫేకు సంగతి. ఫేకు కాదండీ. 1914 జూలైలో, బెర్లిన్‌లో, ఐన్‌స్టీన్ స్వయంగా రాసిన కాగితమే. 1990లలో వెలుగులోకొచ్చి ఆయన సమగ్ర రచనల సంపుటాల్లో అచ్చయింది కూడా. కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. మిగిలిన వాదనలు చూద్దాం.

మొదటిది మా అన్నది. "అంత పని చేసినవాడికి ఇంటి గొడవ ఉండకూడదు, మేధావిని మేధావిలా వదిలెయ్యాలి." వినడానికి బాగానే ఉంటుంది. పాలిచ్చే గేదె తన్నినా పడాలనే సామెతకి ఇంగ్లీషు సూటు తొడిగినట్టు! కానీ ఒక్కసారి తేదీలు చూడండి. మనం ఇంజనీర్లం కదా, లాగ్స్ చూడకుండా రూట్ కాజ్ రాయం.

ఐన్‌స్టీన్, మిలేవా మారిచ్ ఇద్దరూ 1896లో జ్యూరిచ్ పాలిటెక్నిక్‌లో ఒకే కోర్సులో చేరారు. లెక్కలు, ఫిజిక్సు చెప్పే టీచర్లని తయారు చేసే విభాగం అది. ఆ బ్యాచ్ మొత్తానికి ఆవిడొక్కతే ఆడపిల్ల. అప్పటి ఆస్ట్రియా-హంగరీ నుంచి, ఇప్పుడు సెర్బియాలో ఉన్న ప్రాంతం నుంచి, చదువుకోసం అంత దూరం వచ్చింది. 1900లో ఫైనల్ పరీక్షలో ఆయన పాసయ్యాడు, ఆవిడ తప్పింది. 1901లో మళ్ళీ రాసింది, అప్పటికి గర్భవతి. మళ్ళీ తప్పింది. 1902 జనవరిలో పుట్టింటి దగ్గర ఆడపిల్ల పుట్టింది. 1903 జనవరి 6న బెర్న్‌లో పెళ్ళి. 1904 మేలో కొడుకు హాన్స్ ఆల్బర్ట్ పుట్టాడు.

ఇప్పుడు 1905కి రండి. ప్రపంచమంతా అద్భుత సంవత్సరం అని చెప్పుకునే ఏడాది. కాంతి క్వాంటాలు, బ్రౌనియన్ చలనం, ప్రత్యేక సాపేక్షత, ఆ పైన ద్రవ్యరాశికీ శక్తికీ సంబంధం, అన్నీ ఆ ఒక్క ఏడాదిలో వచ్చాయి. అప్పుడు ఆయన ఎక్కడున్నాడు? వారానికి ఆరు రోజులు, రోజుకి ఎనిమిది గంటలు పేటెంట్ ఆఫీసులో ఉద్యోగం. ఇంటికొస్తే చిన్న ఫ్లాట్, ఏడాది పిల్లాడు, భార్య. ఎదురు చెప్పకుండా గదిలోంచి వెళ్ళిపోవాలన్న షరతులేవీ లేవు. ఏకాంతం లేకపోతే మేధస్సు పండదన్నారు కదా? మరి ఆయన జీవితంలోకెల్లా పెద్ద పంట చంటిపిల్లాడున్న ఇంట్లోనే పండింది. "సాధారణ సాపేక్షత 1915 నవంబర్‌లో పూర్తయింది, భార్య వెళ్ళిపోయాకే కదా" అంటారేమో. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది కారణమైపోతుందా? సర్వర్ రీస్టార్ట్ చేసిన రోజే వానొచ్చిందని రీస్టార్ట్ వల్లే వానొచ్చింది అనం కదండీ.

మరి ఆ మూడు పూటల భోజనం ఎవరో ఒకరు వండాలి, నిజమే. వండించుకోవడం తప్పని నేననడం లేదు. వండేవాళ్ళని మనిషిగా చూడనక్కర్లేదని ఏ సమీకరణంలోంచి తేలిందో చెప్పమంటున్నాను.

రెండో వాదన మనందరికీ ఇష్టమైనది. "ఆ కాలం అలాంటిది." ఇందులో కొంత నిజముంది కాబట్టి దీన్ని జాగ్రత్తగా విప్పాలి.

రామానుజన్‌నే తీసుకోండి. మనింట్లో లెక్కలంటే భయపడే పిల్లాడిక్కూడా ఆయన పేరు చెప్పే పెంచుతాం. 1909 జూలైలో జానకితో పెళ్ళయ్యేనాటికి ఆయనకి ఇరవై రెండో ఏడు నడుస్తోంది (21 నిండాయి), ఆ పిల్లకి పదేళ్ళు. ఇవాళ ఎవరైనా ఇలా చేస్తే పోలీసులు వస్తారు. అయితే అది ఆయన ఒక్కడు కనిపెట్టిన దుర్మార్గమా? కాదు. పెద్దలు చూసి చేసిన పెళ్ళి, చుట్టుపక్కల ప్రతి ఇంట్లో జరుగుతున్న పెళ్ళి. అక్కడ బోనులో నిలబెట్టాల్సింది ఆచారాన్ని. ఆ ఆచారం మంచిదేనని మాత్రం ఎవరూ అనక్కర్లేదు, ఆయన అందులో ఉన్నాడు కాబట్టి అది పవిత్రమైపోదు.

ఆ అమ్మాయికేం మిగిలిందో కూడా చూడండి. పెళ్ళయిన కొన్నేళ్ళకి కాపురానికొచ్చింది. 1914 మార్చిలో ఆయన ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళిపోయాడు. ఇద్దరూ రాసుకున్న ఉత్తరాలు ఒకరిదొకరికి సరిగ్గా చేరలేదని, మధ్యలో అత్తగారి చేతిలో ఆగిపోయాయని జీవిత చరిత్రకారులు రాశారు. 1919లో జబ్బుతో తిరిగొచ్చాడు. 1920 ఏప్రిల్ 26న పోయాడు. ఆ చివరి ఏడాది ఆయనకి సేవ చేసింది జానకే. మంచంలో ఉండి కూడా ఆయన మాక్ థీటా ఫంక్షన్ల మీద పని చేశాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ మంచం పక్కన కూర్చున్నది ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల అని ఎందుకో చెప్పుకోం. ఆ తర్వాత ఆవిడ ఇంకో డెబ్భై నాలుగేళ్ళు బతికింది. మద్రాసు ట్రిప్లికేన్‌లో బట్టలు కుట్టుకుంటూ, యూనివర్సిటీ ఇచ్చే పింఛనుతో నెట్టుకొచ్చింది. 1994లో పోయింది. మనలో చాలామందికి ఊహ తెలిసేదాకానో, పుట్టేదాకానో ఆవిడ ఉందన్నమాట! ప్రతి డిసెంబర్ 22న గణిత దినోత్సవం చేస్తాం. ఆవిడ పేరు ఎంతమందికి తెలుసు?

సరే, రామానుజన్‌కి ఆ కాలం అనే సాకు చాలావరకు చెల్లుతుంది. ఐన్‌స్టీన్‌కి చెల్లుతుందా? 1914లో యూరప్‌లో చదువుకున్న భర్తలు భార్యలకి ఇలా క్లాజులు, సబ్‌క్లాజులు పెట్టి కాంట్రాక్టు రాసిచ్చే ఆచారమేమన్నా ఉందా? అది కాలం రాయించింది కాదు, ఆయన కూర్చుని రాసింది. పైగా అప్పటికి రెండేళ్ళుగా ఆయన మనసు ఎల్సా అనే తన వరస బంధువు వైపు తిరిగి ఉంది. పెళ్ళి ముగిసిపోయిందని ఒప్పుకుంటే గొడవ లేదు, ముగిసిపోయే పెళ్ళిళ్ళు బోలెడు. పెళ్ళి వద్దు కానీ పెళ్ళివల్ల వచ్చే సౌకర్యం కావాలి. అదీ ఆ కాగితం అర్థం.

ఆ కాలంలోనే ఇంకో ఇల్లు చూపిస్తాను. 1903లో, అంటే ఐన్‌స్టీన్ పెళ్ళి చేసుకున్న ఏడాదే, ఫిజిక్స్ నోబెల్‌కి మొదట హెన్రీ బెకరెల్, పియర్ క్యూరీల పేర్లే అనుకున్నారు. మేరీ క్యూరీ పేరు లేదు. సంగతి ముందే తెలిసిన పియర్, మేరీ పేరు కూడా చేర్చాలని జవాబు రాశాడు. చేర్చారు. పియర్ కూడా ఆ కాలపు మగాడే కదండీ. ఆయనా మేధావే కదా. ఆ కాలం ఆయన్ని ఏం ఆపింది?

ఇంకో మాట. ఆ కాలం అలాంటిదైతే ఆ కాలపు ఆడమనిషి మిలేవా ఒప్పుకుని ఉండిపోవాలి కదా? మొదట పిల్లల కోసం సరేనంది. నెలాఖరుకల్లా ఇద్దరు కొడుకుల్నీ తీసుకుని జ్యూరిచ్ రైలెక్కేసింది. ఆ షరతులు తప్పని తేల్చడానికి మనం పుట్టేదాకా ఆగాల్సిన పని లేకపోయింది. ఎవరి మీద రాశారో ఆవిడే 1914లోనే తేల్చి వెళ్ళిపోయింది.

మూడో వాదన, "పర్సనల్ విషయాలు మనకెందుకు." ఇది నిజంగా అందరికీ ఒకేలా వర్తించే నియమమైతే నేను కూడా సంతకం పెట్టేవాణ్ణి. కానీ ఈ నియమం పుట్టిన దగ్గర్నుంచీ మగాళ్ళకే పనిచేస్తోంది. మళ్ళీ మేరీ క్యూరీ దగ్గరికే వెళ్దాం. పియర్ 1906లో బండి కింద పడి చనిపోయాడు. 1911లో ఆవిడకీ పాల్ లాంజెవిన్ అనే భౌతిక శాస్త్రవేత్తకీ ఉన్న సంబంధం పారిస్ పత్రికలకెక్కింది. ఆవిడ భర్త పోయిన మనిషి. లాంజెవిన్ భార్యా పిల్లలున్నవాడు. మరి వీధిన పడింది ఎవరు? ఆవిడ. పరాయి దేశపు ఆడది వచ్చి ఫ్రెంచి కాపురం కూల్చిందని రాశారు. ఇంటి ముందు జనం పోగయ్యారు. లాంజెవిన్ ప్రొఫెసరు ఉద్యోగానికి ఏ ఢోకా రాలేదు.

అదే ఏడాది ఆవిడకి రెండో నోబెల్ వచ్చింది, ఈసారి కెమిస్ట్రీలో. ఇంటర్‌లో మనందరం బట్టీపట్టిన ఆర్హీనియస్ సమీకరణం గుర్తుందా? ఆ ఆర్హీనియస్సే ఆవిడకి ఉత్తరం రాశాడు, ఈ గొడవలో స్టాక్‌హోమ్ రావద్దని. ఆవిడ ఏమని జవాబిచ్చిందో తెలుసా? బహుమతి ఇచ్చింది రేడియం, పొలోనియం కనిపెట్టినందుకు, నా పనికీ నా సొంత జీవితానికీ సంబంధం లేదు అన్న అర్థంలో రాసి, డిసెంబర్‌లో వెళ్ళి దర్జాగా బహుమతి తీసుకుంది. ఆ గొడవ నడుస్తుండగానే ఆ చెత్త రాతలు పట్టించుకోవద్దని ఆవిడకి ధైర్యం చెబుతూ ఉత్తరం రాసినవాళ్ళలో ఒకడు ఎవరనుకున్నారు? ఐన్‌స్టీనే. అవును, మన ఐన్‌స్టీనే. బయటి ఆడమనిషికి జరిగిన అన్యాయం అంత స్పష్టంగా కనబడిన కళ్ళకి మూడేళ్ళలో ఇంట్లో మనిషి కనబడలేదు. 1914 అక్టోబర్‌లో యుద్ధం వద్దు, యూరప్ అంతా ఒక్కటవ్వాలి అనే విజ్ఞప్తి మీద సంతకం పెట్టిన అతికొద్దిమందిలో ఆయనొకడు. షరతుల కాగితం రాసి అప్పటికి మూడు నెలలు. ఇంట గెలిచి రచ్చ గెలవమని మనవాళ్ళు ఊరికే అనలేదు.

మేరీ క్యూరీ చెప్పిన మాటనే నేనూ పట్టుకుంటాను. పని వేరు, బతుకు వేరు. అయితే దాన్ని రెండు వైపులా పట్టుకోవాలి. బతుకు చూపించి పనిని కొట్టెయ్యకూడదు. పని చూపించి బతుకుని కడిగెయ్యకూడదు. మనవాళ్ళు మొదటి సగం ఆడవాళ్ళ దగ్గర మర్చిపోతారు, రెండో సగం మగాళ్ళ దగ్గర మర్చిపోతారు.

ఇక ఆ కొత్తమ్మాయి వాదన. చాలామందికి ఇది నచ్చుతుంది, న్యాయంగా కూడా కనిపిస్తుంది. నాకు మాత్రం మిగతా మూడింటికంటే దీంతోనే ఎక్కువ పేచీ ఉంది, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

ఆధారం ఉందా అంటే, ఉంది, చిన్నది. 1901లో ఆయన మిలేవాకి రాసిన ఉత్తరంలో సాపేక్ష చలనం గురించిన పనిని "మన పని" అన్నట్టు రాశాడు. వాళ్ళ ప్రేమలేఖలు 1987లో అచ్చయినప్పుడు ఈ మాట పట్టుకుని పెద్ద చర్చ జరిగింది. వాళ్ళిద్దరూ కలిసి చదువుకున్నారు, పుస్తకాల గురించి మాట్లాడుకున్నారు, అందులో అనుమానం లేదు. కానీ 1905 పేపర్ ఆవిడ రాసిందనడానికి గట్టి సాక్ష్యం చరిత్రకారులకి దొరకలేదు. ఆవిడ కూడా ఎక్కడా అలా ప్రకటించుకోలేదు. దొరికిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆయన రాసినవే, ఆవిడవి చాలా వరకు పోయాయి. కాబట్టి ఆవిడ గొంతు మనకి సగమే వినిపిస్తోంది. ఆ ఖాళీని మన కల్పనతో నింపడం ఆవిడకి న్యాయం చెయ్యడం కాదు.

అసలు పేచీ అది కూడా కాదు. మిలేవాకి అన్యాయం జరిగిందని ఒప్పుకోవడానికి ఆవిడ రిలేటివిటీ రాసి ఉండాలా? రెండుసార్లు పరీక్ష తప్పిన మామూలు మనిషి అయితే ఆ షరతులు పెట్టొచ్చా? ఆవిడ జీనియస్ అయితేనే మన కోపం నిజమవుతుందంటే, జీనియస్సులకే మర్యాద అని మనమూ ఒప్పుకున్నట్టే. మా అన్న చెప్పిందీ అదే కదా! ఇద్దరూ ఒకే గుడిలో దేవుణ్ణి మారుస్తున్నారు అంతే.

ఆవిడ ఏం చేసిందో రికార్డులో ఉన్నది చాలు. చదువు ఆగింది. డాక్టరేట్ ఆశ వదిలేసుకుంది. మొదటి పాప 1903 తర్వాత ఏమైందో ఎవరికీ తెలియదు, అసలలాంటి పాప ఒకతె ఉందనే ప్రపంచానికి 1980లలో ఉత్తరాలు బయటపడేదాకా తెలియదు. 1919 ఫిబ్రవరిలో విడాకులు. రాబోయే నోబెల్ డబ్బు ఆవిడకీ పిల్లలకీ అని ఒప్పందంలో రాసుకున్నారు (ఇంకా రాని బహుమతి! ఆత్మవిశ్వాసమంటే అదీ). 1921 సంవత్సరపు బహుమతి 1922లో వచ్చింది, మాట ప్రకారం డబ్బు ఇచ్చాడు. ఇది కూడా రికార్డే, దాచకూడదు. ఆ డబ్బుతో ఆవిడ జ్యూరిచ్‌లో ఇళ్ళు కొంది. చిన్న కొడుకు ఎడ్వర్డ్‌కి ఇరవై ఏళ్ళ వయసులో స్కిజోఫ్రీనియా బయటపడింది. ఆ కొన్న ఇళ్ళల్లో కొన్ని వైద్యానికే కరిగిపోయాయి. ఐన్‌స్టీన్ 1933లో యూరప్ వదిలి అమెరికా వెళ్ళాడు, ఆ తర్వాత ఆ కొడుకుని మళ్ళీ చూడలేదు. ఆ కొడుకు భారం మోసింది మిలేవా, 1948లో తను పోయేదాకా. ఈ పని మీద ఎవరూ పేపర్ రాయరు. నోబెల్ అంతకంటే ఇవ్వరు. అయినా అది పనే.

"అయితే ఏమంటావ్, ఐన్‌స్టీన్‌ని పుస్తకాల్లోంచి తీసేద్దామా?" అని మా అన్న ఇప్పుడు అడుగుతాడని తెలుసు. అక్కర్లేదన్నా. మీ ఫోన్‌లో దారి చూపించే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు నేల మీది వాటికంటే రోజుకి సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకి పోతాయి. ఆయన సమీకరణాలు వాడి ఆ తేడా సరిచేస్తేనే మీరు ఆఫీసుకి సరైన రోడ్డులో వస్తారు. ఆయన మంచి భర్త కాడని ఆ 38 కాస్తా 37 అవ్వదు. ఆయన గొప్ప శాస్త్రవేత్త అని ఆ షరతుల్లో ఒక్క అక్షరం కూడా చెరగదు. రెండు ఖాతాలు. ఒక ఖాతాలో క్రెడిట్ చూపించి ఇంకో ఖాతాలో అప్పు మాఫీ చెయ్యమంటే ఏ బ్యాంకూ ఒప్పుకోదు, మనమెందుకు ఒప్పుకోవాలి?

పక్కింటాయన పెళ్ళాన్ని ఇలా చూస్తే ఏమంటామో, ఐన్‌స్టీన్‌నీ అంతే అందాం. ఒక మాట ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. రుజువున్నంతవరకే అందాం. ఆచారం చేసినదాన్ని ఆచారం నెత్తిన, మనిషి చేసినదాన్ని మనిషి నెత్తిన వేద్దాం. నేనడిగేది ఇంతే.

"చచ్చిపోయినవాళ్ళని తీర్పు తీర్చి ఏం లాభం?" ఇది మిగిలిపోయిన ప్రశ్న. వాళ్ళకేం లాభం లేదు. లాభం మనకి. ఎందుకంటే మహానుభావులకి ఇచ్చిన ఈ మినహాయింపు వాళ్ళ దగ్గర ఆగదు, కిందికి కారుతుంది. చిన్నచిన్న మేధావులందరూ దాని కింద దోసిలి పడతారు. నేను పాత కంపెనీలో ఉన్నప్పుడు ఒక ఆర్కిటెక్ట్ ఉండేవాడు. కోడ్ రివ్యూలో జూనియర్లని అందరి ముందు ఏడిపించేవాడు. ఒకమ్మాయి రెండు రిలీజుల తర్వాత టీమ్ మారిపోయింది. మేనేజర్‌కి చెబితే, "వాడు జీనియస్, వాడి పద్ధతి అంతే, మీరే సర్దుకోండి" అన్నాడు. వాడు చేసిన ఘనకార్యమల్లా ఒక పేమెంట్ మాడ్యూల్ వేగం పెంచడం. దానికే సర్దుకోవాలట! పోనీ వాడు నిజంగా రిలేటివిటీయే కనిపెట్టాడనుకోండి. అప్పుడు ఆ పిల్ల ఏడవొచ్చా?

ఇప్పుడు నేనెందుకు నోరెత్తలేదో చెప్పాలి.

నా భార్య కూడా ఇంజనీరే. పాప పుట్టాక ఉద్యోగం మానేసింది, రెండేళ్ళయ్యాక మళ్ళీ ప్రయత్నాలు మొదలుపెట్టింది. గత నెల మాకు ప్రొడక్షన్ రిలీజ్. నేను ఇంట్లోంచే పని చేస్తున్నాను, తలుపు వేసుకుని, చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని. కాఫీ గదికే వస్తోంది, టిఫిను గదికే వస్తోంది. ఒక సాయంత్రం తను లోపలికొచ్చి ఏదో అడగబోయింది. నేను స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండా చెయ్యి ఊపాను, వెళ్ళు అన్నట్టు. వెళ్ళిపోయింది. ఎదురు చెప్పలేదు. మర్నాడు తనకి ఇంటర్వ్యూ ఉందని, ఒక అరగంట ప్రశ్నలు అడగమని చెప్పడానికొచ్చిందని రెండ్రోజుల తర్వాత తెలిసింది. అది కూడా తను చెప్పలేదు, మా అత్తగారు ఫోన్‌లో "ఇంటర్వ్యూ ఎలా చేసిందమ్మాయి?" అని అడిగితే తెలిసింది.

నేను కనిపెట్టిందేమీ లేదు. ఆ రోజు చేసింది ఒక రిపోర్టులో తేదీలు తప్పు పడుతుంటే సరిచెయ్యడం. అయినా ఆ గదిలో నేను నన్నేమనుకున్నానో నాకు తెలుసు. అందుకే శుక్రవారం క్యాంటీన్‌లో ఆ ఫార్వర్డు చదువుతూ గదిలోంచి వెళ్ళమంటే వెంటనే వెళ్ళిపోవాలి అన్న దగ్గరికి వచ్చేసరికి, నా పెరుగన్నం గొంతులో ఆగింది. నేను షరతులు కాగితం మీద రాయలేదు, అంతే తేడా.

సోమవారం తనతో చెప్పాను. తప్పు చేశానన్నాను. "ఆ కంపెనీ నుంచి ఫోను రాలేదు, ఇంకోటి వచ్చే వారం ఉంది" అంది. ఆదివారం పొద్దున్న రెండు గంటలు నేను ప్రశ్నలు అడగాలి, పాపని కూడా నేనే చూసుకోవాలి. అవి తను పెట్టిన షరతులు. ఒప్పుకున్నాను.

చివరగా ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. 1955 మార్చిలో ఐన్‌స్టీన్ ప్రాణ స్నేహితుడు మిషెల్ బెస్సో పోయాడు. 1905 సాపేక్షత పేపర్ చివర పేరు పెట్టి కృతజ్ఞత చెప్పింది ఆయనొక్కడికే. ఆ కుటుంబానికి రాసిన ఉత్తరంలో ఐన్‌స్టీన్ ఆయన తెలివిని మెచ్చుకోవడంతో ఆగలేదు. ఒక స్త్రీతో అన్నేళ్ళు ప్రశాంతంగా, కలిసిమెలిసి బతకగలిగాడే, అది తనకి అన్నిటికంటే గొప్పగా అనిపించిందని, ఆ పనిలో తాను రెండుసార్లు సిగ్గుపడేలా ఓడిపోయానని రాశాడు. ఇంకో నెలకి ఆయనా పోయాడు.

తన పెళ్ళి మీద తీర్పు ఆయనే రాసి సంతకం పెట్టి వెళ్ళాడండీ. దాన్ని కొట్టెయ్యడానికి ఇన్నేళ్ళ తర్వాత క్యాంటీన్‌లో మనం ఎందుకింత కష్టపడుతున్నాం? ఆయన్ని కాపాడటానికేనా?